బానెట్ కింద నిమ్మకాయ

శనివారం పొద్దున్నే ఫోన్ మోగింది. శనివారం ఆ వేళకు మా ఇంటికి ఫోన్ చేసే మనిషి ఒక్కరే. అవతల ఎవరని అడక్కుండానే, "వస్తున్నానంకుల్, బ్యాటరీ లైటు నా దగ్గరే ఉంది, తెస్తున్నా. కాఫీ అయినా తాగనివ్వండి" అన్నాను విసుగ్గా. వినిపించింది పక్కింటి ఆంటీ గొంతు. "మీ అంకుల్ పోయారు నాయనా. నమాజు చేసుకుని బయటికెళ్ళారు. బండి పక్కనే కూర్చుండిపోయారు."

బ్యాటరీ లైటు చేత్తో పట్టుకునే పక్కింటికి పరిగెత్తాను. దాన్ని ఎక్కడైనా పెట్టాలని కూడా తోచలేదు. బానెట్ ఎత్తి ఉంది, పానాల పెట్టె తెరిచి ఉంది, టీ గ్లాసు ఎప్పటిలా రేడియేటర్ మీద ఉంది. పని మధ్యలో వదిలేసి పోవడం ఆయన పద్ధతి కాదు. అదే పని నేను చేసి ఉంటే పది శనివారాలు దెప్పేవారు.

మా తెలుగు సంఘం పత్రిక వాళ్ళు ఆయన గురించి నాలుగు మాటలు రాయమన్నారు. పరోపకారి, మృదుభాషి అని రాస్తే ఆయన్ని ఎరిగినవాళ్ళు పత్రిక మూసేసి నవ్వుతారు. నిజం చెప్పాలంటే నేను ఈ దేశం వచ్చినప్పటి నుంచీ ఆయన నా ప్రాణం తోడేశారు. పోతూ పోతూ కూడా ఒక పని నా నెత్తిన పెట్టి పోయారు. అదేమిటో చెబితే ఆయన ఎలాంటివారో మీకే తెలుస్తుంది.

అంకుల్‌ది గుంటూరు. బట్టల వ్యాపారం చేసుకునే కుటుంబం. వయసులో ఉండగానే సిడ్నీ వచ్చి, చిన్న కిరాణా కొట్టు పెట్టి, కందిపప్పూ గోంగూర పచ్చడీ అమ్ముతూ, వీడియో క్యాసెట్లు అద్దెకిస్తూ కొడుకుని చదివించారు. కొడుకు పెర్త్‌లో స్థిరపడ్డాక కొట్టు అమ్మేశారు. అమ్మిన వారంలోపే ఆ కారు కొన్నారు. ఆంటీ దాన్ని "నా సవతి" అనేవారు, నవ్వకుండా.

అమెరికా వాళ్ళు అరవైల్లో తయారు చేసిన స్పోర్ట్స్ కారు అది. ఒకప్పుడు ఎరుపు. బానెట్ మంచమంత పొడుగు, కూర్చోవడానికి రెండంటే రెండే సీట్లు. పాత బండి కాబట్టి స్టీరింగ్ అమెరికాలోలాగా ఎడమవైపే ఉండనిచ్చారు ఇక్కడి రవాణా శాఖ వాళ్ళు. ముందు లైట్లు మూతల కింద దాగి ఉంటాయి. స్విచ్ వేస్తే ఇంజను పీల్చే గాలితో ఆ మూతలు లేవాలి. కుడివైపుది వెంటనే లేచేది. ఎడమవైపుది కాసేపు ఆలోచించుకుని లేచేది. "గాలి గొట్టం ఎక్కడో లీకవుతోందంకుల్, చూద్దామా" అని ఎన్నిసార్లడిగినా, "అది జబ్బు కాదయ్యా, దాని గుణం. జబ్బుకి మందెయ్యాల, గుణాన్ని భరించాల" అనేవారు. ఆంటీ లోపలి నుంచి, "ఎవరి గుణం ఎవరు భరిస్తున్నారో" అనేవారు.

నేను వైటూకే పుణ్యమా అని ఇక్కడికొచ్చిన బాపతు. రెండువేల సంవత్సరం రాగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ కుప్పకూలుతాయని చెప్పి మాలాంటి వాళ్ళని విమానాలకెత్తి తెప్పించుకున్నారు. వారమంతా ఆఫీసులో పాత ప్రోగ్రాముల్లో తేదీలు వెతకడం నా పని. అద్దెకు దిగిన ఇంటి కంచె అవతల నుంచి ఒక శనివారం, "ఏమయ్యా, మీరు తెలుగోళ్ళా? ఇట్టా వచ్చి ఓ చెయ్యి పట్టు" అని గొంతు వినిపించింది. పరాయి దేశంలో తెలుగు వినపడిందని మురిసిపోయి, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళాను. ఆ "ఓ చెయ్యి" ఆయన పోయేదాకా తెమల్లేదు.

నా ఉద్యోగం లైటు పట్టుకోవడం. అది కూడా చేతకాదని ఆయన అభిప్రాయం. "ఏందయ్యా అట్టా పట్టుకుంటావు? నా చెయ్యి ఏడుంటే లైటు ఆడుండాల. నా మొహం మీద దేనికి, నన్నేమన్నా పెళ్ళిచూపులు చూస్తున్నావా?" ఇంజను తడబడితే నాకు నాలుగు కారణాలు తోచేవి, నాలుగూ ఒకేసారి సరిచేసి ఇంటికి పోదామనిపించేది. ఆయన చెయ్యనిచ్చేవారు కాదు. "ఒక్కటే మార్చు. చూడు. కుదరకపోతే దాన్ని వెనక్కి పెట్టు. అప్పుడు ఇంకోటి." గొట్టం తీసి, చూసి, మళ్ళీ బిగించి, టీ తాగి, అప్పుడు ఇంకో గొట్టం. మధ్యాహ్నానికి నా భార్య కంచె దగ్గరికొచ్చి భోజనానికి పిలిచేది. "రెండు నిమిషాల్లో పంపిస్తానమ్మా" అనేవారు. ఆ రెండు నిమిషాలు అయ్యేసరికి అన్నం చల్లారిపోయేది.

పోనీ అంత చేసీ ఆయన చెప్పింది నిజమవుతుందా అంటే, సగంసార్లు కాదు. ఒకసారి బండి దగ్గుతూ నడుస్తుంటే పెట్రోలులో నీళ్ళు కలిశాయని తేల్చేశారు. బంకు మార్చారు, ట్యాంకు కడిగించారు. చివరికి చూస్తే స్పార్క్ ప్లగ్గులకు వెళ్ళే తీగల్లో రెండు తారుమారై ఉన్నాయి. అంతకు ముందు వాటిని విప్పి బిగించింది ఆయనే. ఆ మాట నేనంటే, కించిత్తు సిగ్గు లేకుండా, "చూశావా, కనిపెట్టగలవు నువ్వు. అందుకే వదిలేశా" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పూట ఆంటీ పెట్టిన ఖీమా పరోటా కూడా మాట్లాడకుండా తిన్నాను.

ఇలా ఉండగా మా అత్తగారు తెనాలి నుంచి వచ్చారు. వచ్చిన మర్నాడే కంచె దగ్గర అంకుల్‌తో వరస కలిపేశారు. "గుంటూరా? అయితే మావాళ్ళే. అన్నయ్యగారూ, మీ ఇంట్లో నిమ్మచెట్టు విరగ్గాసింది, రెండు కాయలు కోసుకోనా?" అన్నారు. "చెట్టే నీది చెల్లెమ్మా" అన్నారు ఆయన. నన్ను పేరు పెట్టి కూడా పిలవని మనిషి.

హెలెన్స్‌బర్గ్ గుడికి తీసుకెళ్ళమని అత్తగారు అడిగితే, నేను నా బుల్లి కారు తీశాను. అంకుల్ ఒప్పుకోలేదు. "చెల్లెమ్మ మన బండిలో రావాల" అన్నారు. బండిలో ఉన్నవి రెండు సీట్లే కాబట్టి ఆయనా ఆవిడా ముందు బయల్దేరారు, నేనూ నా భార్యా వెనకాల. ఆ దృశ్యం నేను ఎప్పటికీ మర్చిపోలేను. స్టీరింగ్ ఎడమవైపు ఉంది కాబట్టి అత్తగారు కుడివైపు కూర్చున్నారు. ఈ దేశంలో కుడివైపు కూర్చునేది డ్రైవరు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా పక్క కార్ల వాళ్ళు కళ్ళప్పగించి చూడటం మొదలుపెట్టారు. పట్టుచీర కట్టుకుని, కొప్పులో పూలు పెట్టుకున్న పెద్దావిడ, చేతులు ఒళ్ళో పెట్టుకుని, స్టీరింగ్ కూడా లేకుండా స్పోర్ట్స్ కారు నడుపుతోంది. ఒకడు హారన్ కొట్టి బొటనవేలు చూపించాడు. ఆవిడ నమస్కారం పెట్టారు.

గుడి దగ్గర దిగగానే ఆవిడ తేల్చి చెప్పారు. "అన్నయ్యగారూ, దారి పొడుగునా ఊళ్ళోవాళ్ళంతా కళ్ళు పెట్టారు. ఈ బండికి దిష్టి తగలకుండా ఉండదు." సంచిలోంచి నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ తీశారు. పొద్దున అంకుల్ పెరట్లో కోసినవే. దారం తేవడం మర్చిపోయారు. అంకుల్ పానాల పెట్టెలోంచి సన్నటి రాగితీగ ముక్క తీసిచ్చారు. బంపరుకి కట్టబోతే, "బయట వద్దు చెల్లెమ్మా, ఇక్కడ పోలీసోళ్ళకి అర్థం కాదు. లోపల కట్టు" అని బానెట్ ఎత్తారు. రేడియేటర్ పక్కన చేతికందే బోల్టు ఒకటి కనపడితే ఆవిడ దానికి కట్టారు. అంకుల్ టోపీ సవరించుకుని, పక్కన శ్రద్ధగా నిలబడ్డారు. తర్వాత గుడి క్యాంటీన్‌లో అందరం దోసెలు తిన్నాం.

ఆ తర్వాత కొద్దిరోజులకే బండి వేడెక్కడం మొదలైంది. హైవే మీద బాగానే ఉండేది. ట్రాఫిక్‌లో ఆగితే చాలు, వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాకా పాకేది. బండితో వచ్చిన ఫ్యాను ఎప్పుడో తీసేసి ఆయనే సొంతంగా కరెంటు ఫ్యాను ఒకటి బిగించారు. అది నీరసంగా తిరుగుతోందని నాకు మొదటి వారమే అనుమానం వచ్చింది. "ఫ్యాను వైర్లు చూద్దామంకుల్" అన్నాను. "ఫ్యాను నేనే బిగించానయ్యా. అది తప్ప ఇంకేదన్నా చెప్పు" అన్నారు. సరే, రేడియేటర్ మూత మార్చాం. చూశాం. వెనక్కి పెట్టాం. గొట్టాలు మార్చాం. రేడియేటర్ కడిగాం. నీళ్ళ పంపు విప్పాం. ఒక్కోదానికి ఒక్కో శనివారం. ఆ శనివారాల్లోనే మా అత్తగారు వచ్చి ఎండిన నిమ్మకాయ తీసేసి, కొత్తది గుచ్చి కట్టి, చేతులు తుడుచుకుని వెళ్ళేవారు. నా భార్య నాతో మాట్లాడటం తగ్గించేసింది. ఆంటీ అంకుల్‌తో ఎప్పుడో మానేశారు.

ఒక వారం నేను ఆఫీసు పనిమీద మెల్‌బోర్న్ వెళ్ళొచ్చేసరికి బండి బాగైపోయింది. "ఏమైందంకుల్?" అంటే, బానెట్ మూసేస్తూ, "ఫ్యాను వైరు బోల్టు వదులైంది. బిగించా" అన్నారు. మొదటివారం నేను చెప్పింది అదే. అన్ని శనివారాలు, అన్ని చల్లారిపోయిన భోజనాలు, ఒక్క వదులు బోల్టు కోసం. ఆ కోపం మీద కొన్నాళ్ళు ఆయన ఫోన్‌కి ముక్తసరిగా జవాబిచ్చాను. ఆయన అది గమనించినట్టే లేరు.

రెండువేల సంవత్సరం వచ్చింది. ఏ కంప్యూటరూ కూలలేదు. అంకుల్ కంచె మీద మోచేతులానించి, "నా బండికి కూడా ఏం కాలేదయ్యా. ఇంతకీ మీరు బాగుచేసింది ఏంది?" అన్నారు. ఇంకొన్నాళ్ళకు ఐటీ ఉద్యోగాలు ఊడటం మొదలై, నాదీ ఊడింది. తలుపేసుకుని ఇంట్లో కూర్చున్నాను. సోమవారం పొద్దున ఫోన్ మోగింది. "ఖాళీయే కదా, రా. కార్బొరేటర్ విప్పాల." నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఉద్యోగం పోయిన మనిషిని పలకరించే తీరు అదా? కానీ వెళ్ళాను. మంగళవారం కూడా వెళ్ళాను. కొత్త ఉద్యోగం దొరికేదాకా రోజూ పొద్దున లేచి, గడ్డం గీసుకుని, వెళ్ళడానికి నాకొక చోటుండేది. ఆ కార్బొరేటర్‌కి ఏ రోగమూ లేదని నాకు అప్పుడే తెలుసు. ఆయనకు థాంక్స్ చెప్పలేదు. చెబితే లైటు సరిగ్గా పట్టుకోమనేవారు.

ఇక ఆయన నాకు అప్పజెప్పి పోయిన పని సంగతి. నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థనలు అయ్యాక బండిని తుక్కు కొనేవాళ్ళ ట్రక్కు ఎక్కించేస్తానన్నాడు కొడుకు. పెర్త్ నుంచి వచ్చిన వాడికి అంతకంటే ఏం తోస్తుంది. ఆంటీ నన్ను పిలిచి, "దాన్ని తాళ్ళు కట్టి ఈడ్చుకుపోతుంటే నేను చూడలేను నాయనా. దాని కాళ్ళ మీద అది పోవాల" అన్నారు. వుల్లంగాంగ్ దగ్గర పాత అమెరికన్ బళ్ళు చేరదీసే ముసలాయన ఒకడున్నాడు. అంకుల్‌కి తెలిసినవాడే. ఆయనకు ఫోన్ చేస్తే, "దానంతటది నడిచొస్తే ఉంచుకుంటా, మేట్. నడవనివి నా షెడ్డులో చాలానే ఉన్నాయి" అన్నాడు. నేను ఉంచుకుందామంటే అద్దె ఇల్లు, పైగా నా భార్య సంగతి మీకు చెప్పనే చెప్పాను. అంటే ఫాతెహాలోగా బండి నడిచి తీరాలి, లేకపోతే తుక్కు కింద పోతుంది.

బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టి స్టార్ట్ చేశాను. పలికింది. అక్కడే నిలబెట్టి ఉంచితే కాసేపటికి ముల్లు ఎర్రగీత వైపు పాకింది. ఫ్యాను తిరగడం లేదు. నెత్తి కొట్టుకున్నాను. మళ్ళీ అదే రోగం. పోయిన మనిషి మీద నాకు నిజంగా కోపం వచ్చింది. ఇంజను ఆపేసి బానెట్ ఎత్తాను. లైటు నేనే పట్టుకున్నాను. చెయ్యి ఎక్కడుంటే అక్కడే పట్టుకున్నాను. ఆ వదులు బోల్టు సంగతి చూద్దామని రేడియేటర్ పక్కకు వెళ్ళాను.

ఆ బోల్టుకి వైర్లు లేవు. నిమ్మకాయ ఉంది. ఎండి, నల్లబడి, రాగితీగకు వేలాడుతోంది. ప్రతి శనివారం కళ్ళబడేదే, దాని వెనక ఏముందో ఎప్పుడూ చూడలేదు. బోల్టు చుట్టూ పచ్చగా, తెల్లగా చిలుము పట్టి, మర సగం తినేసి ఉంది. ఈ బండి ఒళ్ళంతా ఇనుము కాకుండా ఫైబర్ కావడంతో ఫ్యానుకీ లైట్లకీ వెళ్ళిన కరెంటు తిరిగి రావాలంటే నల్లవైర్లన్నీ ఒక ఇనుప బోల్టు దగ్గర కలవాలి. ఆ బోల్టు ఇదే. మా అత్తగారు చేతికందిందని నిమ్మకాయ కట్టిన బోల్టూ ఇదే. ఇనుము, రాగితీగ, వారం వారం తాజాగా కారే నిమ్మరసం. వైర్ల మొదళ్ళను అదే తినేసింది. ఫ్యాను నీరసపడింది అందుకే. అంకుల్ అది కనిపెట్టారు. రేడియేటర్‌కి రెండోవైపు కొత్తగా బెజ్జం వేసి, కొత్త బోల్టు బిగించి, నల్లవైర్లన్నీ అక్కడికి మార్చారు. తుప్పు పట్టకుండా వ్యాజలీన్ కూడా పూశారు. పాత బోల్టుని మాత్రం నిమ్మకాయకి వదిలేశారు.

ఆంటీని పిలిచి చూపించాను. ఆవిడ చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "ప్రతి శనివారం నువ్వొచ్చే ముందే చెట్టు నుంచి ఒకటి కోసి కట్టేవారు. చెల్లెమ్మ ఊరెళ్ళిపోయింది కదా, ఇంకా దేనికి అంటే, చెల్లెమ్మ ఫోన్‌లో అడుగుతుంది, అబద్ధం చెప్పలేను అనేవారు."

మా అత్తగారు నిజంగానే ప్రతివారం అడిగేవారు. "అన్నయ్యగారి బండికి నిమ్మకాయ మారుస్తున్నారా?" అని. ఆవిడకు అబద్ధం చెప్పలేని మనిషి, బోల్టు వదులైందని నాకు చెప్పారు. నాకు చెబితే నా భార్యకు చెబుతాను, నా భార్య తల్లికి చెబుతుంది, తెనాలిలో ఒక పెద్దావిడ తన చేతులతో అన్నయ్యగారి బండి చెడగొట్టానని కుమిలిపోతుంది. అది తప్పించడానికి నా కోపాన్ని ఆయనే నెత్తినేసుకున్నారు. బానెట్ పట్టుకుని అక్కడే నిలబడి ఏడ్చాను. ఆంటీ లోపలికెళ్ళి టీ తెచ్చారు. గ్లాసు ఆయన పెట్టినట్టే రేడియేటర్ మీద పెట్టుకున్నాను.

ఇంతకీ ఫ్యాను తిరగకపోవడానికి కారణం చిన్నదే. ఫ్యాను ప్లగ్గు ఊడి వేలాడుతోంది. ఆ ఆఖరి శనివారం పొద్దున ఆయన విప్పిన ఒక్కటి అదే. చూసి ఉంటారు కూడా. వెనక్కి పెట్టడానికి మాత్రం టైము లేకపోయింది. నేను పెట్టాను. ఫ్యాను తిరిగింది.

ఫాతెహాకి ముందు ఆదివారం బండిని బయటికి తీశాను. ఆంటీ చెట్టు నుంచి నిమ్మకాయ కోసిచ్చారు. ఎండినది తీసేసి, అదే రాగితీగకు గుచ్చి, పాత బోల్టుకే కట్టాను. ఆంటీ గేటు దాకా వచ్చి బానెట్ మీద అరచేత్తో ఒకసారి తట్టారు. "పో, నా సవతీ" అన్నారు. నా భార్య వెనకాల మా కారులో వచ్చింది. నా కుడిపక్క సీటు ఖాళీ. హెలెన్స్‌బర్గ్ మలుపు దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది. ముల్లు కొంచెం పైకి పాకింది, ఫ్యాను మోగింది, ముల్లు దిగింది.

ముసలాయన ఇల్లు చేరేసరికి సాయంత్రమైంది. బండి చుట్టూ తిరిగి చూసి, బానెట్ ఎత్తించి, చాలాసేపు వంగి చూశాడు. "వైరింగ్ నీట్‌గా ఉంది. ఈ నిమ్మకాయ ఏంటి, మేట్?" అని చెయ్యి చాపాడు.

"దాన్ని ముట్టుకోకండి" అన్నాను. నా గొంతు అచ్చం అంకుల్ గొంతులా కటువుగా వచ్చింది. "వారం వారం మార్చాలి. శనివారం. ఆ బోల్టుకే."

ఎందుకని అడుగుతాడనుకున్నాను. ఇంగ్లీషులో ఎలా చెప్పాలా అని మాటలు వెతుక్కుంటున్నాను. ఆయన నా మొహంలోకి ఓసారి చూశాడు, చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "సరే. మా పెరట్లోనూ చెట్టుంది" అని, స్టీరింగ్ ముందు కూర్చుని స్విచ్ వేశాడు. కుడివైపు మూత లేచింది. ఎడమవైపుది లేవలేదు. ఆయన దిగబోయాడు. ఆగమని చెయ్యి చూపించాను. చీకటి పడుతున్న ఆ వాకిట్లో ఆయనా, నేనూ, నా భార్యా దానికోసం ఎదురుచూశాం.